తుప్పువీరుడి ఆఖరి పేజీ

"గుర్రాలు గేటు దాకా వచ్చేశాయి తాతా! తొందరగా చెయ్యి దూర్చు."

మనవరాలు ఎర్ర కోటు పట్టుకుని నిలబడింది. తాత ఒక చెయ్యి దూర్చాడు. రెండోది పైకి లేవక ఆగిపోయాడు. లోపలి చొక్కా మీద, సరిగ్గా గుండె దగ్గర, నల్ల మరక. ఎన్నిసార్లు ఉతికినా పోదు. పోకపోగా నెలనెలా పెద్దదవుతోంది. పెన్సిళ్ళు జేబులో పెట్టుకోవద్దంటే వినడు కదా అని విసుక్కుంటూ ఆమె కోటు గుండీలు పెట్టేసింది.

"నువ్వు వీరుడివి కావని చెప్పెయ్ తాతా. ఉత్త బొమ్మలు గీసేవాణ్ణని చెప్పెయ్."

"చెప్తే ఎవరు నమ్ముతారే? ఈ మొహం చూడు."

వచ్చిన చిక్కంతా ఆ మొహంతోనే. లోకం బాగున్న రోజుల్లో ఆయనో బొమ్మల కథ గీశాడు. లోకమంతా ఇసుకైపోయాక ఎర్ర కోటు వేసుకుని నీళ్ళ పంపుకి కాపలా కాసే తుప్పువీరుడనే ముసలి వీరుడి కథ. వీరుడికి మొహం తోచక, అద్దంలో తన మొహమే చూసి, ముడతలు చేర్చి గీశాడు. తర్వాత లోకం నిజంగానే ఇసుకైపోయింది. ముడతలు కూడా ఒక్కొక్కటే వచ్చి, ఆయన గీసిన చోటే కూర్చున్నాయి.

ఊళ్ళో మిగిలిన పుస్తకం అదొక్కటే. పిల్లలు దాంట్లోనే అక్షరాలు దిద్దుకున్నారు. పెద్దలు అదంతా జరిగిందే అనుకున్నారు. ఆఖరి పేజీ మాత్రం ఎప్పుడో చిరిగిపోయింది.

"ఆఖర్లో వీరుడు గెలుస్తాడుగా?"

"గెలవకేం," అన్నాడు తాత, మనవరాలి వైపు చూడకుండా.

పాత బస్సుల రేకులతో కట్టిన గేటు బయట ఆరు గుర్రాలు. ముందున్న నాయకురాలు దిగి, టోపీ తీసి, అందులోంచి ఒక మడత కాగితం తీసింది.

"ఏం తుప్పువీరా, కులాసానా? మీ ఊరి పుస్తకంలో లేని పేజీ మాకు దొరికింది. ఇన్నాళ్ళూ నీకు ఊరికే భయపడి చచ్చాం."

మనవరాలు తొంగి చూసింది. కాగితం మీద తాత ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాడు. గుండె మీద నల్ల మచ్చ. వెనక గేటు బార్లా తెరిచి ఉంది.

"రాసిపెట్టి ఉంది అంటారే, ఇదిగో, గీసిపెట్టే ఉంది. మీ ఊరి పంపు ఇక మాది," అని నాయకురాలు తుపాకీ ఎత్తింది.

మనవరాలు తాత మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన మెల్లగా విడిపించుకున్నాడు.

"కాల్చుదువుగానిలే అమ్మా. ఆ బొమ్మ పూర్తి కాలేదు. ఒక్క నిమిషం ఇటివ్వు."

నాయకురాలు తన మనుషుల వైపు చూసింది. ఒకడు ఇవ్వమన్నట్టు తలూపాడు. ఆఖరి పేజీ సగంలో ఉండటం వాళ్ళకీ భయమే.

తాత కాగితం అందుకుని, మూలుగుతూ మోకాళ్ళ మీద కూర్చుని, చెవి మీది పెన్సిల్ ముక్క తీశాడు. గుర్రాలు కూడా తోక ఆడించడం మానేశాయి. వీరుడి పక్కనే ఇంకో మనిషిని పడుకోబెట్టాడు. పక్కన దొర్లిన టోపీ. గడ్డం కింద కత్తిగాటు. ఆ బొమ్మ గుండె దగ్గర పెన్సిల్ మొన నాలుగుసార్లు తిప్పాడు.

గడ్డం కింద గాటు తడుముకుని నాయకురాలు పకపకా నవ్వింది.

"అచ్చు నాలాగే ఉంది! దీంతో బెదరగొడదామనా ముసలోడా?"

"అక్కా," అన్నాడు వెనకున్నవాడు. "నీ చొక్కా..."

గుండె దగ్గర నల్ల చుక్క. చూస్తుండగానే గుండీ అంత అయింది. ఆమె అరచేత్తో రుద్దింది. అరచేతికి ఏమీ అంటలేదు. రుద్దిన కొద్దీ మరక పెరిగింది.

తుపాకీ ఇసుకలో పడింది.

"చెరిపెయ్! నీళ్ళొద్దు, ఏమీ వద్దు, వెళ్ళిపోతాం. నీ కాళ్ళు పట్టుకుంటా తాతా, చెరిపెయ్!"

తాత ఎర్ర కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. మనవరాలు రోజూ ఉతికే మరక ఇప్పుడు చొక్కా అంతా నిండిపోయి ఉంది.

"చెరపడమే తెలిస్తే, ముందు దీన్ని చెరుపుకోనా తల్లీ?"