అబ్బా ఇచ్చిన రక్తం

"మిర్చి యార్డుల దగ్గనోడు ఎవడుంటడు బేటా?" అని దగ్గుతూనే నవ్వాడు జమాలుద్దీన్. ఎనుమాముల మార్కెట్‌లో ఎండుమిర్చి వ్యాపారం ఆయనది. యూనివర్సిటీ ల్యాబులో, కూతురి ఎదుట కూర్చున్నాడు.

మెహనాజ్ నవ్వలేదు.

ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ మొదలైతే కొన్ని ఆర్ఎన్ఏ ముక్కలు రక్తంలో ఎక్కువవుతాయి. ప్రొటీన్లు తయారుచేయని ముక్కలని ఒకప్పుడు వాటినెవరూ లెక్కచేయలేదు. వాటినిబట్టి రోగాన్ని ముందే పట్టాలని ఆమె ఏళ్లుగా తంటాలు పడుతోంది. రక్తం చూసి జోస్యం చెబుతోందని తోటివాళ్ల ఎగతాళి. అబ్బా మాత్రం, "నా బిడ్డ చుక్క రక్తంతోని రోగం చెప్తది" అని యార్డంతా చాటేవాడు. పోయిన వారం తనే వచ్చి, "అందరి రక్తం తీస్తవు, మీ అబ్బాది పనికిరాదా?" అని చొక్కా చెయ్యి మడిచాడు.

ఆ రక్తాన్ని ఆమె రెండుసార్లు పరీక్షించింది. రెండుసార్లూ ఒకటే జవాబు.

"ఏంది, మొఖం గట్ల పెట్టినవ్? నేను ఫెయిలయిన్నా, నువ్వు ఫెయిలయినవా?"

తన పరీక్ష తప్పయితే బాగుండునని మెహనాజ్ మొదటిసారి కోరుకుంది.

"అబ్బా, ఒకసారి స్కాన్ తీయిద్దాం. నీ రక్తంల ఆ ముక్కలు మస్తుగున్నయి."

"అంటే రోగమున్నట్టా?"

"ఉన్నట్టే చూపిస్తాంది."

"చూపిస్తాందేంది? రేపు యార్డుల మా మొగిలన్న అడిగితే, నా బిడ్డ నసుగుకుంట చెప్పిందనాల్నా?"

"ఈ పరీక్ష ఇంకా దవాఖానలకు పోలే అబ్బా. తప్పు కూడ కావచ్చు."

"జర నా కండ్లల్లకు చూసి చెప్పు. తప్పా, ఒప్పా?"

తన చేతుల మీదుగా సాగిన ఒక్కో మెట్టునూ ఆమె మళ్లీ తలచుకుంది. ఎక్కడా లోపం దొరకలేదు. దొరికితే ఎంత బాగుండేది!

"ఒప్పే అబ్బా," అంది, ఏడుపు ఆపుకోలేక.

జమాలుద్దీన్ ముఖం నెలవంక కనబడ్డ రాత్రిలా వెలిగిపోయింది. లేచి కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

"శభాష్ బిడ్డా! ఇగ ఎవడు నవ్వుతడో చూస్త."

"నీకు సమజైతలేదు అబ్బా! నీకు..."

"అంతా సమజైంది. ఫికర్ చెయ్యకు," అంటూ ఆమె కళ్లు తుడిచాడు.

"స్కాన్‌ల తేలినంకనే నీకు రక్తమిచ్చిన బేటా."