వరహాలమ్మ గొంతు

మా రొయ్యల ఫ్యాక్టరీలో ఇప్పుడు సూపర్‌వైజర్లు లేరు. అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లో ఒక కంప్యూటర్ గొంతు ఉంటుంది. ఎవరితో ఎలా మాట్లాడితే పని జరుగుతుందో దానికి తెలుసు. నాతో ఎప్పుడూ మర్యాదే. "నూకరత్నం గారూ, అలిసిపోయారు, కాసిని మంచినీళ్లు తాగండి" అంటుంది. నాకు ఒళ్లు మండిపోతుంది.

వరహాలమ్మ బతికుండి, సూపర్‌వైజరుగా చేసిన రోజుల్లో మర్యాదెక్కడిది? "ఏమే, రొయ్యలు వొలుస్తున్నావా, జోకొడుతున్నావా?" అని షెడ్డు అదిరేలా అరిచేది. పొద్దున ఎవరిని తిడితే మధ్యాహ్నం వాళ్ల పక్కనే కూర్చుని, తన క్యారేజీలో కూర వాళ్ల అన్నంలో వేసేది. ఆ కూర కోసమే నేను కావాలని చెయ్యి నెమ్మది చేసేదాన్ని.

నిన్న ఆవిడ గుర్తొచ్చి మళ్లీ చెయ్యి నెమ్మదించింది. చెవిలో గొంతు అది కనిపెట్టేసింది. పాత కెమెరాల రికార్డుల్లోంచి ఆవిడ అరుపులు ఏరుకుందో ఏమో, ఈ పొద్దున నా చెవిలో అచ్చం వరహాలమ్మే అరిచింది. "ఏమే, జోకొడుతున్నావా?"

ఏడుపొచ్చేసింది. షెడ్డులో ఇవాళ నా అంత జోరుగా ఎవరూ వొలవలేదు.

మధ్యాహ్నం గంట కొట్టారు. క్యారేజీ మూత తీసి, పక్కన బల్ల మీద ఇంకొకరికి చోటు తుడిచి, అన్నం కలపకుండా కూర్చున్నాను.