సుద్దగీత

దుకాణం మూశాక దర్జీకి ఒకటే పిచ్చి: ఉపగ్రహ చిత్రాల్లో పాడుబడ్డ సైనిక స్థావరాలు వెతకడం. దొరికినదాని గేటు మీద కంప్యూటర్లో ఎర్రగుర్తు పెట్టుకుంటాడు. అవి అతనికి తప్ప ఎవరికీ కనబడవు.

ఆ రాత్రి కొత్త చిత్రాలు వచ్చాయి. ఒక స్థావరంలో, గేటుకు అవతల ఖాళీ నేల మీద, తెల్లటి ఇంటూ మార్కు గీసి ఉంది. పోయినసారి చెయ్యి జారి అతని గుర్తు పడింది సరిగ్గా అక్కడే!

అనుమానం కంప్యూటరు బాగుచేసిన బావమరిది మీదికి పోయింది. కానీ పక్కవీధికి పోవడానికే బద్ధకించేవాడు అంతదూరం పోయి గీస్తాడా?

మిగతావీ తెరిచాడు. గుర్తు పెట్టిన ప్రతిచోటా ఇంటూ ఉంది. రెండుచోట్ల ఇంటూ పోయి, చతురస్రంగా తవ్విన గొయ్యి ఉంది. సుద్దగీత పడ్డాక కత్తెరేగా, అనుకున్నాడు.

భార్య ఆరిన బట్టలతో మేడ దిగింది.

“ఏమండీ, డాబా మీద ఆ తెల్ల ఇంటూ ఏంటి? మీ పనేనా?”

పోయిన వారం ఆవిడ సరదా పడిందని తమ ఇంటి మీదా ఓ గుర్తు పెట్టాడు.

పైన ఏదో బరువుగా ఈడ్చిన చప్పుడైంది.

“డాబా తలుపు గడియ పెట్టే వచ్చానండీ,” అందావిడ, అతను అడక్కముందే.