నిప్పు పట్టినవాణ్ణి ముట్టుకోకూడదు

మణికర్ణిక ఘాట్‌లో శవానికైనా వరస తప్పదు. పొద్దున్న ఏడింటికి వచ్చిన బ్రిజ్‌నందన్‌కి పదకొండైనా చితి దొరకలేదు.

తల్లి శవాన్ని ఘాజీపూర్ నుంచి జీపు మీద తెచ్చాడు. బతికుండగా ఆవిడ కొడుకుని కోరింది ఒక్కటే.

"కాశీలో నీ చేత్తో నిప్పు పెట్టరా, చాలు."

గంగలో ముంచి తెచ్చిన పాడెలు మెట్ల మీద నీళ్ళోడుతున్నాయి. ఆడవాళ్ళందరికీ ఒకటే ఎర్ర జరీ గుడ్డ, ముఖం కనపడకుండా కప్పేశారు.

మంగలి గుండు మీద రెండు గాట్లు పెట్టాడు. కట్టెలు తడిసి ఉన్నాయి. బ్రిజ్‌నందన్‌కి ఏడుపు రావడం లేదు, ఒళ్ళు మండిపోతోంది.

దానికి తోడు, సంచీ తగిలించుకున్న ముసలాయనొకడు మెట్టు మీద కూర్చుని అన్నీ కళ్ళప్పగించి చూస్తున్నాడు.

"చావు కూడా తమాషాయేనా వీళ్ళకి?"

"ఆ చివరి పాడె ఆయనదే బావా," అన్నాడు బావమరిది లల్లన్. "దక్షిణాది నుంచి యాత్రకొచ్చారట. దారిలో పెళ్ళాం పోయిందట. సర్లే, మన వరసొచ్చింది. నువ్వెళ్ళి నిప్పు తీసుకురా, పెద్దావిడని మేం చితి మీదికి చేరుస్తాం."

కాటికాపరి డోముల గుండం నుంచి రెల్లుగడ్డిలో నిప్పు పట్టుకుని వచ్చేసరికి శవం మీద కట్టెలు పేర్చేశారు. పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

ముసలాయన పరుగెత్తుకొచ్చి బ్రిజ్‌నందన్ చెయ్యి పట్టుకున్నాడు. ఏదో అర్థంకాని భాష. ఆ పాదాలకేసి చూపించాడు, మెట్లకేసి చూపించాడు.

"ముట్టుకోకు! నిప్పు పట్టినవాణ్ణి ముట్టుకుంటారటయ్యా ఎవరైనా?"

"తనది ముందు కానిమ్మంటున్నాడు బావా."

"నాలుగు గంటలు పడిగాపులు పడ్డాం! నీ వరసొచ్చేదాకా కూర్చో పెద్దాయనా!"

లల్లన్ ఆయన్ని రెక్క పట్టుకుని లాగేశాడు.

బ్రిజ్‌నందన్ అయిదు చుట్లు తిరిగి నిప్పు పెట్టాడు. మంట లేవగానే ముసలాయన నిలబడ్డచోటే కూలబడి రెండు చేతులూ జోడించాడు.

కాసేపటికి పక్క చితి ఆయనకి దొరికింది. ఆయనా గుండు గీయించుకున్నాడు. గంధపు చెక్కలు ఒక్కొక్కటే, నొప్పి పుడుతుందేమో అన్నంత నెమ్మదిగా పెట్టాడు.

నిప్పు పెట్టాక మాత్రం ఇటు తిరిగి కూర్చున్నాడు.

"అక్కడ పెళ్ళాం కాలుతుంటే మన చితికేసి చూసి ఏడుస్తాడేంరా!" బ్రిజ్‌నందన్ విసుక్కున్నాడు.

సాయంత్రానికి రెండు చితులూ ఆరాయి. కోపం కూడా కాస్త చల్లారింది. రెండు చోట్లా మంత్రం చదివిన పంతులుగారి దగ్గరికి వెళ్ళాడు బ్రిజ్‌నందన్.

"ఆ పెద్దాయనేడి పంతులుగారూ? కసురుకున్నాను పాపం. ఓ మంచి మాట చెబుదామని."

"రైలు టైమైందని వెళ్ళిపోయాడయ్యా. నాకు కాస్త అరవం వచ్చు కదా, తన వరస రాగానే నీ కబురడిగాడు. మీ అమ్మగారి పేరూ గోత్రమూ కనుక్కున్నాడు."

"మా అమ్మ పేరా? ఆయనకెందుకు?"

"అదే నాకూ బోధపళ్ళేదు. నిప్పు పెట్టేముందు పోయినవారి పేరు చెప్పమన్నాను. 'కౌశల్యాదేవి, శాండిల్య గోత్రం' అన్నాడు. అది పక్కవాళ్ళ పేరయ్యా అంటే, కాదు, ఆ పేరుతోనే మంత్రం చదవమని చేతులు పట్టుకున్నాడు."

బ్రిజ్‌నందన్ రెండు బూడిద కుప్పల్నీ మార్చి మార్చి చూశాడు.

తన తల్లికి తలకొరివి పెట్టినవాడు రైలెక్కి వెళ్ళిపోయాడు.