మూడో చెవి

"మన మాటలు మూడో చెవిన పడకూడదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నారుగా?" వీడియో కాల్‌లో అడిగింది డాక్టరమ్మ.

టైలరు తలుపు మూసొచ్చి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. "పెట్టుకున్నానమ్మా, చెప్పండి."

అతని రిపోర్టులో ఉన్నది ఆమె మెల్లగా చెప్పింది. జబ్బు ముదిరిపోయింది, ఇకపై మందులు నొప్పి తగ్గడానికే తప్ప నయం కావడానికి కాదు.

"ఈ కాల్ రికార్డవుతోందా?" అని అడిగాడు అతను, అంతా విన్నాక.

"లేదు, భయపడకండి. కావాలన్నా మళ్ళీ ఎవరూ వినలేరు."

అతని ముఖం వాడిపోయింది. "రికార్డయితే ఫోను మా ఆవిడ చేతికిచ్చి, అలా బయటికి పోదామనుకున్నా. నాకు నోరు పెగలదు డాక్టర్ గారూ."

రోగుల గుట్టు కాపాడటమే మేలు చేయడమని ఇన్నేళ్ళూ నమ్మిన ఆమె కుర్చీని స్క్రీనుకు దగ్గరగా జరుపుకుంది.

"పిలవండి. నేను చెప్తాను."

అతను ఇయర్‌ఫోన్స్ తీసేసి కేకేశాడు. భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మందులు ఎగ్గొడుతున్నాడని చీవాట్లు పెడుతున్నారా?" అని నవ్వింది.

లైను తెగిపోతే బాగుండునని డాక్టరమ్మకు మొదటిసారి అనిపించింది.

"అమ్మా, ముందు ఆయన పక్కన కూర్చోండి," అంది.