దేవేందర్ రీలు

"మల్ల చిక్కువడ్డదా అన్నా?" అని దేవేందర్ అడిగేసరికి జగదీశ్‌కు ఒళ్లు మండిపోయింది.

గాలం విసిరిన ప్రతిసారీ దారం రీలు మీంచి ఉండలు ఉండలుగా ఊడి, పదడుగుల్లోనే బుడుంగుమని పడుతోంది. దేవేందర్ విసిరితే మాత్రం మానేరు బ్యాక్‌వాటర్‌లో ఎక్కడో లోతుకు పోయి పడుతోంది. పొద్దున్నుంచి వాడికి మూడు రవ్వ చేపలు, ఒక బొచ్చె పడ్డాయి. జగదీశ్‌కు గడ్డిపోచలు.

ఇద్దరూ సిరిసిల్ల నుంచి ప్రతి ఆదివారం ఒకే బండి మీద వస్తారు. తిరిగి పోయేటప్పుడు దేవేందర్ ఒక చేప జగదీశ్ ఇంట్లో ఇచ్చి పోతాడు. కూతురు అక్షిత ముల్లు చప్పరిస్తూ, "దేవేందర్ కాక తెచ్చిన చాప మస్తుంటది డాడీ" అంటుంది. ఆ మాటకు జగదీశ్‌కు ముద్ద దిగదు. ఒక్క ఆదివారమైనా తాను పట్టిన చేప బిడ్డ కంచంలో పడాలి. ఆయన కోరిక అంతే. కాదు, అంతే కాదు. ఆ రోజు దేవేందర్‌కు ఒక్క చేప కూడా పడకూడదు.

దేవేందర్ చాయ తాగడానికి గట్టెక్కినప్పుడు జగదీశ్ వాడి రీలు చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వాసన కూడా చూశాడు. కంపెనీ అదే, సైజు అదే.

"ఏందన్నా, ఏం చూస్తున్నవ్?"

"ఇద్దరియి ఒక్కటే రీళ్లు గదరా. నీది గంత దూరం ఎట్ల పోతది?"

"తేడా దారంల ఉన్నదన్నా. నువ్వు లావు నైలాన్ తంగూసు చుట్టినవ్. గది డ్రమ్ములెక్క తిరిగే పెద్ద రీలుకైతే మంచిగుంటది. మనది చిన్న రీలు, దీనికి సన్నగ, మెత్తగ ఉండే అల్లిక దారం గావాలె. కోరుట్లల దొరుకుతది."

ఇంత తేలిగ్గా చెప్పాడంటే ఇంకేదో దాచాడన్నమాట, అనుకున్నాడు జగదీశ్. ఓర్వలేనివాడికి మంచిమాట కూడా మతలబుగానే వినిపిస్తుంది.

అయినా మరునాడే పని ఎగ్గొట్టి, వేములవాడలో బస్సు మారి, కోరుట్ల పోయాడు.

"దేవేందర్ ఏ దారం కొన్నడో గదే ఇయ్యిండ్రి" అన్నాడు దుకాణంలో.

"దేవేందర్ ఎవలు?"

"సిరిసిల్లాయన. మీ దగ్గర్నే కొన్నడు."

"మనుషులు నాకు యాదుండరు సార్, రీళ్లు యాదుంటయి. చూపియ్యిండ్రి." దుకాణదారు రీలు చూసి సన్నదారం తీశాడు. "ముందుగాల అడుగున నాలుగు చుట్లు తంగూసు చుట్టి, దాని మీద ఇది చుట్టుండ్రి. లేకపోతే జారుతది. అంచుదాక నింపకుండ్రి. ఒదులు మాత్రం అసలే ఉండద్దు."

జగదీశ్ ఇదంతా వింటేనా! "దేవేందర్ ఆకుపచ్చది కొన్నడు, గుర్తుకొచ్చిందా?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు. ఆకుపచ్చదే పట్టుకుని ఇంటికొచ్చాడు.

గడపలో కూర్చుని చుట్టడం మొదలుపెట్టగానే భార్య లత చెయ్యి చాచింది. "గట్ల కాదయ్యా, ఇటు తే."

"ముట్టకు! చాపల సామాను ఆడోళ్లు ముడితే చాప పడదు."

లత చెయ్యి వెనక్కి తీసుకుంది. జగదీశ్ అంచు పొంగేదాకా చుట్టి, ఇక చూస్కో దేవేందర్, అనుకున్నాడు.

ఆదివారం వచ్చింది. మొదటి విసురుకే ఆకుపచ్చ దారం దువ్వెనకు చిక్కిన వెంట్రుకల్లా ఉండ కట్టి రీలు మీద కూర్చుంది. పక్కనే దేవేందర్ రెండు కిలోల బొచ్చెను ఒడ్డుకు లాగాడు. జగదీశ్ కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు.

"నిజం చెప్పురా! రీలు గదే, దారం గదే. ఏం మందు పెట్టినవ్?"

దేవేందర్ కాసేపు నసిగాడు. "మందు లేదు, మాకు లేదు. దారం నేను చుట్టలేదన్నా. సాంచెలకు నూలు కండెలు చుట్టే ఒకామెతోని చుట్టించిన. తడిబట్టల దారం పట్టి, వేళ్లతోనే బిగువు చూస్తది. ఒక్క చుట్టు ఒదులుండది."

"ఎవలామె?"

"పేరు చెప్పద్దన్నది. ఒగలు బాగుపడితే ఆమె మొగడు ఓర్వడట. ఎరుకైతే ఇంట్ల లొల్లి చేస్తడట."

సిరిసిల్లలో మగ్గాలకు కండెలు చుట్టే ఆడవాళ్లు ఒకరా, ఇద్దరా? ఎక్కడని వెతకడం? ఇంటికి పోగానే జగదీశ్‌కు లత గుర్తొచ్చింది. ఆమె కూడా ఆ పనికే పోతుంది. ఆడవాళ్ల సంగతులు ఆడవాళ్లకు తెలియకుండా ఉంటాయా?

లత వాకిట్లో దేవేందర్ ఇచ్చిపోయిన చేపకు పొలుసు తీస్తోంది.

"లతా, దేవేందర్ రీలు చుట్టినామె ఎవలో మీ కార్ఖానల అడుగు. ఇగ వానికి బంద్ చెయ్యాలె, నాకే చుట్టాలె. మంచి పట్టుచీరె కొనిస్తనని చెప్పు."

"ఆడోళ్లు ముడితే చాప పడదంటివి?"

"ఆమె సంగతి వేరే. ఆమెది లక్ష్మి చెయ్యి. గసోంటి చెయ్యి ఎవల ఇంట్లనన్న ఉన్నదా?"

లత చేపను అవతలి వైపుకు తిప్పింది.

"గని ఆమె మొగడే ఉత్త కుళ్లుబోతోడట" అన్నాడు జగదీశ్, నిజంగానే జాలిపడుతూ. "పక్కోనికి ఒక్క చాప పడితే సుత నిద్రపోడేమో! పాపం, గసోంటోనితోని ఎట్ల ఏగుతున్నదో!"

లత కత్తి ఆపి, తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది.

"పన్నెండేండ్లాయె. అలవాటైంది."