డిసెంబరు వాయిదా

“డిసెంబరు వాయిదాకు ముందస్తు ఆదాయపు పన్ను ఇంత తక్కువ కట్టినారెందుకు?” అని నంద్యాల ఆఫీసులో అధికారి అడిగాడు. జరిమానా కాగితం ఆయన చేతిలోనే ఉంది.

“వేరుశనగ యాపారం సార్. దుడ్లు నెలనెలా రావు. నూనెమిల్లోళ్లు నాకు ఇచ్చిందే జనవరిలో” అన్నాడు మండీ గురుమూర్తి. “సరుకేసిన రైతు ఆళ్లగడ్డ నుంచి వచ్చినాడు. ఆయప్పనే అడగండి.”

పక్కనే నిలబడ్డ రైతు ప్రభుదాసు తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

“నిజమే సార్. ఎన్నిసార్లు పోయినా మిల్లోళ్లు ఇయ్యలేదప్పా అన్నాడు ఈ అన్న. క్రిస్మస్‌కు పిల్లోళ్లకు గుడ్డలు గూడా తేలేకపోయినా. చేతిలో ఉంటే ఇయ్యకుండా ఉంటాడా?”

అధికారి “మంచి సాక్షినే తెచ్చుకున్నారు” అని జరిమానా కొట్టేశాడు.

ఇద్దరూ బయటికొచ్చారు. నిజానికి గురుమూర్తికి మిల్లు డబ్బు దీపావళికే వచ్చింది. దాన్ని ఇంకో సరుకులో తిప్పుకుని, ప్రభుదాసుకు మాత్రం జనవరి దాకా రాలేదని చెబుతూ వచ్చాడు.

“టీ తాగుదాం రాప్పా” అన్నాడు గురుమూర్తి.

“వద్దన్నా, బస్సు పోతాది. నువ్వు దుడ్లు దాచుకున్నావని నా పెండ్లాం పండగపూట నిన్ను నోటికొచ్చినట్ల తిట్టింది. ఈపొద్దు ప్రార్థనలో ఆ తప్పు ఒప్పుకోమంటా.”